తడి డబ్బాలో కడిగిన కవర్లు

మొదటి అంతస్తు, మెట్లకి ఎదురు ఫ్లాటు
సోమవారం, వానలు మొదలైన వారం

చెల్లికి,

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో నేను గొంతు పెంచగానే నువ్వు పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా. చివరిదాకా చదువు.

ఇవాళ పొద్దున మా తడి చెత్త లారీ వెనక్కి వచ్చింది. నువ్వు పనిచేసే చెత్త కేంద్రం నుంచే. డ్రైవరు గేటు ముందు దిగి, పదహారు ఫ్లాట్ల వాళ్లూ కిటికీల్లోంచి చూస్తుండగా, మా చెత్త మాకే కుమ్మరించి నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. ‘ప్లాస్టిక్ కలిసింది, ఎరువుకి పనికిరాదు’ అని. ఇంకో రెండుసార్లు ఇలాగే అయితే లారీ మా వీధికే రాదట. ఈ బ్లాకు సెక్రటరీని నేను. ఆ చీటీ పట్టుకుని అందరి ముందూ నిలబడింది నేను. తల కొట్టేసినట్టయింది.

ఆ డబ్బాల మీద బోర్డులు నేనే రాశానని నీకు తెలుసుగా. నలభై ఏళ్లు ఆస్పత్రులకీ బడులకీ బట్టల కొట్లకీ రాసిన చెయ్యి ఇది. ఆకుపచ్చ డబ్బా మీద ‘తడి’, నీలం డబ్బా మీద ‘పొడి’. ఒక్కో అక్షరం జానెడు ఉంటుంది. కింద ఎర్ర రంగుతో ‘ప్లాస్టిక్ కవర్లు, సీసాలు కడిగి వేయవలెను’ అని కూడా రాశాను. ఈ బ్లాకులో చదువు రానివాళ్లు ఎవరూ లేరు. అయినా పోయిన వారం తడి డబ్బా మూత తీస్తే పైనే పాల కవర్లు! ఎవడో కావాలని చేస్తున్నాడు. సెక్రటరీ పదవి నాకు వచ్చిందని కడుపుమంట. పట్టుకుంటాను, వదలను.

దానికి ఉపాయం కూడా ఆలోచించాను. మెట్ల కింద గదిలో ఉండే ఊడ్చే ఆవిడ రోజూ పొద్దున్నే ఆ డబ్బాల్లో ఏదో కెలుకుతూ ఉంటుంది. అలా కెలికితే ఎవరు ఏం వేశారో ఎలా తెలుస్తుంది? నేను చెప్పేదాకా డబ్బాల మీద చెయ్యి వేయొద్దని అప్పుడే గట్టిగా చెప్పాను. ఆవిడ ఏదో అనబోయింది. ‘చెప్పింది చెయ్యి’ అన్నాను.

ఇంకో సంగతి. మీ దగ్గర మా లారీని ఆపిన మహానుభావుడెవరో కనుక్కో. నాలుగు కవర్లు కనపడితే లారీ మొత్తం తిప్పి పంపేస్తాడా? నువ్వు ఆఫీసులో ఉన్నదానివి, నీ మాట చెల్లుతుంది. పిలిపించి నాలుగు దులుపు.

మీ వదిన నీ కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో అడిగినట్టు రాయమంది.

అన్నయ్య


కేంద్రం వెనక క్వార్టర్లు
శుక్రవారం

అన్నయ్యకి,

చివరిదాకా చదివాను, రెండుసార్లు. అంత కోపంలోనూ నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తిట్లు కూడా తిన్నగా గీత మీద కూర్చున్నాయి.

మహానుభావుడి సంగతి తర్వాత. ఆ లోడు గురించి నాకు తెలుసు. అందులో ఉన్నవి నాలుగు కవర్లు కాదు. మా దగ్గర ఏం జరుగుతుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెప్తాను. తడి లారీ తెచ్చినదంతా బెల్టు మీద పోస్తారు. బెల్టు నడుస్తూ ఉంటుంది, రెండు వైపులా మనుషులు నిలబడి కనపడిన ప్లాస్టిక్‌నల్లా ఏరేస్తారు. మిగిలినది ఎరువు గుంటలోకి పోతుంది. చేతులకి అందనంతగా వస్తే ఎవరో ఒకరు పైనున్న ఎర్ర తాడు లాగుతారు. బెల్టు ఆగుతుంది. ఆ లోడు వెనక్కి పోతుంది. అలా లాగకపోతే నెలల తరబడి మగ్గిన గుంట మొత్తం పాడవుతుంది. తాడు లాగడం ఎవరికీ సరదా కాదు.

నాకు విచిత్రంగా అనిపించింది వేరే ఉంది. మీ లోడులో వచ్చిన కవర్లన్నీ శుభ్రంగా కడిగినవి. నూనె సీసాలు కూడా సబ్బు పెట్టి కడిగారు. కడుపుమంటతో వేసేవాడు కడిగి మరీ వేస్తాడా అన్నయ్యా? కొంచెం ఆలోచించు.

ఇంకొకటి. ఇన్నాళ్లూ తిరిగి రాని లారీ ఇప్పుడే ఎందుకు వచ్చింది? ఆ ఊడ్చే ఆవిడ నీతో ఏదో అనబోయిందని నువ్వే రాశావు. అదేమిటో అడిగావా?

వదినకి నా కాళ్లు బాగానే ఉన్నాయని చెప్పు.

చెల్లి


మొదటి అంతస్తు
ఆదివారం, వానలు వెనకబట్టాయి

చెల్లికి,

రాసింది నేను, నా వైపు మాట్లాడాల్సింది నువ్వు. నువ్వేమో ఎవడో కడిగాడట అని వాడి వైపు వకాల్తా పుచ్చుకున్నావు. బాగుంది.

నెల రోజులు బాల్కనీలో కుర్చీ వేసుకుని డబ్బాల మీద కన్నేసి కూర్చున్నాను. నా నడుం పట్టేసింది. రెండో అంతస్తు నర్సు డ్యూటీ దిగి వచ్చి చెత్త సంచీ పట్టుకెళ్తుంటే, ‘ఏముందమ్మా అందులో’ అని పైనుంచే అడిగాను. ‘దిగి రండి, చూపిస్తాను’ అని నేను దిగేదాకా ఆగి, సంచీ నా కాళ్ల ముందు బోర్లించి పోయింది. పండ్ల తొక్కలు తప్ప ఏమీ లేవు. అవన్నీ నేనే ఎత్తాను. పై అంతస్తు దర్జీ నాకు ‘చెత్త ఇన్‌స్పెక్టరు’ అని పేరు పెట్టాడట. మెట్ల మీద పిల్లలు కూడా సెల్యూట్ కొడుతున్నారు.

మొన్న లారీ రెండోసారి వెనక్కి వచ్చింది.

నిన్న స్కూటర్లు పెట్టే చోట మీటింగు పెట్టాం. మూడో అంతస్తు లెక్కల మాస్టారు లేచి, ‘దొంగ కోసం పై అంతస్తుల్లో వెతుకుతున్నారు గానీ, రోజూ ఆ డబ్బాల దగ్గర ఉండేది ఎవరు?’ అని అడిగాడు. నిజమే అనిపించింది. డబ్బాలు ముట్టుకోవద్దన్నానని ఆవిడకి ఒళ్లు మండి ఉంటుంది, కసికొద్దీ ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో కలిపేస్తోంది. అయినా చెత్తలో చేతులు పెట్టి బతికే మనిషికి తడేదో పొడేదో ఎక్కడ తెలుస్తుంది? పని మాన్పించాలని, నెలాఖరుకి మెట్ల కింద గది ఖాళీ చేయించాలని తీర్మానం అయింది. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను.

ఆవిడకి ఆ మాట చెప్తే ఒక్క కన్నీటి చుక్క లేదు. నా మొహంలోకి చూసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పొగరు చూశావా?

ఇక నీ పని. మా చెల్లెలు అక్కడ ఆఫీసరు, ఆ లారీ ఆపినవాడి సంగతి తేలుస్తుందని మీటింగులో అందరి ముందూ చెప్పాను. నా మాట పోనివ్వకు.

అన్నయ్య


కేంద్రం వెనక క్వార్టర్లు
గురువారం

సెక్రటరీ గారికి,

మీరు కనుక్కోమన్న మహానుభావుణ్ణి కనుక్కున్నాను. నేనే.

మొదటిసారీ నేనే, రెండోసారీ నేనే. మధ్యలో వచ్చిన మీ లోడులు ఎలాగో ఏరేశాం. లోడుతో వచ్చిన చీటీ మీద మీ బ్లాకు నంబరు చూశాను. అది మా అన్నయ్య వాళ్ల చెత్త అని తెలిసే తాడు లాగాను. ఇప్పుడు పిలిపించి దులపండి.

ఆఫీసులో నేను పనిచేసింది ఏడు నెలలు. తర్వాత ఆ గదిలో బల్లలన్నీ ఎత్తేశారు, మమ్మల్ని పొమ్మన్నారు. బెల్టు మీద ఖాళీ ఉందన్నారు. నిలబడ్డాను. రెండేళ్లయింది. పోయిన ఏడాది నువ్వు ఇత్తడి రంగుతో రాసి పంపిన నేమ్‌ప్లేటు పెట్టుకోవడానికి నాకు బల్ల లేదు. అది మంచం కింద ఉంది. నువ్వు పదిమందిలో చెల్లెలు ఆఫీసరని చెప్పుకుని మురిసిపోతున్నావని నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడమే నేను చేసిన తప్పు.

చెత్తలో చేతులు పెట్టి బతికే మనిషికి తడేదో పొడేదో తెలీదని రాశావు కదూ! నాకు తెలుసు. కళ్లు మూసుకుని చెప్తాను. జత మీద జత గ్లవుజులు వేసుకున్నా గోళ్ల కింద వాసన పోదు, అందుకని నేను భోజనం చెంచాతో చేస్తున్నాను. ఎనిమిది గంటలు నిలబడితే పాదాలు ఎలా అవుతాయో వదినకి చెప్పలేదు. మీ ఇళ్లలోంచి వచ్చే ప్రతిదీ నా చేతుల మీదుగా పోతుంది. మీరేం తింటారో, ఏం పారేస్తారో, ఏ మందులు మింగుతారో అన్నీ నాకు తెలుసు. మీకే నా గురించి ఏమీ తెలీదు.

ఇప్పుడు ఆ మెట్ల కింద ఆవిడ సంగతి విను. ఆవిడ రోజూ పొద్దున్నే కెలికేది ఎందుకనుకున్నావు? మీరు తప్పుగా వేసినవి తీసి సరైన డబ్బాలో వేయడానికి. అందుకే మీ లారీ ఎప్పుడూ వెనక్కి రాలేదు. నువ్వు ముట్టుకోవద్దన్నావు, ఆవిడ మానేసింది, లారీ వెనక్కి వచ్చింది. ఇంత సులువైన ముక్క నెల రోజులు కుర్చీలో కూర్చున్నా నీ బుర్రకి ఎక్కలేదు. నువ్వు చెప్పినట్టు విన్నందుకు ఆవిడ పని తీసేశావు, గది కూడా తీసేశావు. పైగా ఏడవలేదని పొగరన్నావు!

పదహారు తలుపులూ కొట్టు. కవర్లు కడిగాక ఏ డబ్బాలో వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో అడుగు. అరవకు. అడుగు. రెండిటికీ తేడా ఉంది.

మీ లారీ ఆపిన మనిషి


మొదటి అంతస్తు
మంగళవారం

చెల్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. రెండేళ్లు! రెండేళ్లు నన్ను వెధవని చేశావు. ఎంతమందికి చెప్పుకున్నానో నీకు తెలుసా? రేపు వాళ్లకి ఏం చెప్పమంటావు? సొంత అన్నకి చెప్పుకోలేని పని ఎందుకు చేయాలి? చేసినదానివి, తెలిసి తెలిసి నా బ్లాకు లారీనే ఆపుతావా? ఆ తాడు ఇంకెవరూ లాగలేరా?

ఎవరో ఊడ్చే ఆవిడ కోసం నన్ను ‘గారు’ అని రాశావు. నాన్న పోయాక నిన్ను చదివించింది ఆవిడ కాదు.

అన్నయ్య


కేంద్రం వెనక క్వార్టర్లు
శనివారం

అన్నయ్యా,

ఆవిడ గది ఖాళీ చేయడానికి ఇంకా ఎన్ని రోజులుంది? ముందు అది రాయి. నన్ను తర్వాత తీరిగ్గా తిడుదువుగాని.

చెల్లి


మొదటి అంతస్తు
సోమవారం, నెలాఖరు దాటింది

చెల్లీ,

నీ చీటీ అందిన రోజుకి ఎనిమిది రోజులు ఉంది. వెంటనే రాయలేదు, ఎందుకంటే రాయడానికి నా దగ్గర తిట్లు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట మీ వదినని అడిగాను. వంటింట్లో నిలబడి పాల కవరు కడుగుతోంది. ‘అది ఏ డబ్బాలో వేస్తావు’ అన్నాను.

‘తడి దాంట్లో.’

‘ఎందుకు?’

‘నీళ్లు కారుతున్న కవరు పొడి దాంట్లో ఎలా వేస్తానండీ? కడగమని రాసింది మీరే, తడి అని రాసింది మీరే.’

‘అనుమానం వస్తే నన్నో మాట అడగొచ్చుగా’ అన్నాను. ‘అడిగితే మీరు చెప్తారా? అరుస్తారు గానీ’ అని కవరు దులిపి పక్కన పెట్టింది.

తర్వాత మిగతా తలుపులు కొట్టాను. పదహారు ఫ్లాట్లలో పదకొండు ఇళ్లు మీ వదిన చేసినట్టే చేస్తున్నాయి. నర్సు తలుపు సగమే తీసి, ‘సబ్బుతో కడుగుతాను, తడి డబ్బాలో వేస్తాను, ఇంకేమైనా వెతకాలా?’ అని మూసేసింది. లెక్కల మాస్టారు ఇంకా ఘనుడు. ఎండిపోయిన రొట్టె ముక్కలు ఏరి ఏరి పొడి డబ్బాలో వేస్తున్నాడు, ఎండినవి కదా అని. కవర్లు తాడు మీద ఆరేసి పొడి డబ్బాలో వేస్తున్నది ఒక్క దర్జీ. నాకు పేరు పెట్టినవాడే. ఈ బ్లాకులో దొంగ ఎవరూ లేరు చెల్లీ. నా బోర్డు చదివి, నా మాట విన్నవాళ్లే ఉన్నారు. ఆరోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరిగాను.

చివరికి మెట్ల కింద గదికి వెళ్లాను. ఆవిడ గిన్నెలు పాత దుప్పట్లో మూట కడుతోంది. ‘తప్పయింది’ అన్నాను. ఆవిడ ముడి వేయడం ఆపలేదు.

‘ముట్టుకోవద్దన్నదీ మీరే. ముట్టుకోలేదని పొమ్మన్నదీ మీరే. ఇప్పుడు తప్పయిందంటున్నదీ మీరే. నేను మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది సార్?’

మళ్లీ మీటింగు పెట్టిస్తాను, మీరే మాట్లాడండి అన్నాను. ఆవిడని ‘మీరు’ అనడం అదే మొదటిసారి. ‘మీరు నోరు మూసుకుని కూర్చుంటానంటే వస్తాను’ అంది.

శనివారం స్కూటర్ల దగ్గర అందరూ చేరారు. ఇళ్లన్నిటిలోనూ నేను విన్నది చెప్పాను. బోర్డు తప్పు, ఆవిణ్ణి ఆపడం తప్పు, తీసేయడం తప్పు, మూడూ నావే అన్నాను. అప్పుడు మాస్టారు లేచాడు. ‘ఎందుకండీ ఇంత రభస? మీ చెల్లెలు ఆఫీసరేగా. లారీ పొరపాటున ఆపామని ఒక కాగితం రాయించి తెప్పించండి. మనకి మచ్చ ఉండదు, మీకూ ఉండదు. ఆవిడంటారా, ఎలాగూ మూట కట్టేసుకుంది.’

నలుగురైదుగురు తలలూపారు. నిజం చెప్తున్నాను, నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. కాగితం రాయమని నిన్ను అడగడం, నువ్వు తిట్టడం, నేను బతిమాలడం అన్నీ కళ్ల ముందు కనపడ్డాయి. ఆవిడ గోడకి ఆనుకుని నా వైపే చూస్తోంది.

‘మా చెల్లెలు ఆఫీసరు కాదు’ అన్నాను. ‘బెల్టు మీద నిలబడి మన చెత్త ఏరుతుంది. లారీని ఆపింది తనే. రెండుసార్లూ సరిగ్గానే ఆపింది.’

మీ వదిన పక్కకి తిరిగి నా మొహంలోకి చూసింది. తనకీ నేను చెప్పలేదు.

ఆ తర్వాత మెట్ల కింద ఆవిడ మాట్లాడింది. అరగంట. మాట ఇచ్చాను కాబట్టి నేను పెదవి కదపలేదు. ‘ఈ బోర్డులు పెట్టిన రోజు నుంచీ మూడేళ్లు, పొద్దున్నే లేచి ఒక డబ్బాలోవి తీసి ఇంకోదాంట్లో వేశాను. పదహారు ఇళ్ల వాళ్లు నా పక్క నుంచే ఆఫీసులకి వెళ్లారు, ముక్కు మూసుకుని వెళ్లారు. ఏం చేస్తున్నావని ఒక్కరు అడిగారా? దొంగని మాత్రం నెల రోజుల్లో తేల్చేశారు!’ నర్సు లేచి ఆవిడ పక్కన నిలబడింది. మాస్టారు గడియారం చూసుకుంటే, ‘మీ రొట్టె ముక్కలు కూడా నేనే ఏరాను, కూర్చోండి’ అంది. కూర్చున్నాడు.

చేతులెత్తమంటే పదమూడు లేచాయి. మాస్టారిది లేవలేదు. ఆవిడ ఉంటోంది, గదీ ఉంది. కానీ ఒక షరతు పెట్టింది, డబ్బాల విషయంలో తను చెప్పిందే మాట. ఆదివారం నాతో పాత అక్షరాలు గోకించి కొత్తవి రాయించింది. ఏం రాయాలని అడిగితే ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ‘కుళ్ళేవి ఇటు, కుళ్ళనివి అటు’ అంది. ఆవిడకి చదవడం రాదు. నలభై ఏళ్లు అక్షరాలు రాసిన నాకు ఆ ముక్క తట్టలేదు.

ఇంకొకటి మిగిలింది. ఇది రాయడానికి పైదంతా రాయాల్సి వచ్చింది.

నన్ను రెండేళ్లు వెధవని చేశావని రాశాను. అబద్ధం. నాకు తెలుసు. పోయిన ఏడాది ఒక బోర్డు పని మీద మీ వైపు వచ్చి, నీకు చెప్పకుండా మీ గేటు దాకా వచ్చాను. మీకు టీ విరామం. మాస్కులు దించుకుని పదిమంది ఆడవాళ్లు గోడ నీడలో కూర్చున్నారు. నువ్వు మధ్యలో ఉన్నావు. గ్లవుజులు ఒళ్లో పెట్టుకుని ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వుతున్నావు. పిలిస్తే వినపడేంత దూరం. వీధి వీధంతటి మీదా అరిచేవాణ్ణి, ఆరోజు నిన్ను పిలవలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కాను. వారం తిరక్కుండా నేమ్‌ప్లేటు రాసి పంపాను. బల్ల లేదని తెలిసే రాశాను.

నువ్వు భయపడి దాచావు. నేను సిగ్గుపడి దాచాను. నాదే పెద్ద తప్పు. ఈ ఉత్తరం చదివి నువ్వు ఏమన్నా పడతాను. ఈసారి ఆదివారం చూసుకుని వస్తాను.

అన్నయ్య


కేంద్రం వెనక క్వార్టర్లు
బుధవారం

అన్నయ్యా,

చదివాను. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆరోజు నన్ను చూసి బస్సెక్కావన్న దగ్గర కాగితం చింపబోయి ఆగాను.

ఆదివారం రావొద్దు. ఆదివారం ఇక్కడ ఎవరూ ఉండరు. పని రోజు రా. పదకొండింటికి టీకి బయటికి వస్తాం. అదే గోడ, అదే పదిమంది. గేటు దగ్గర నిలబడి పిలువు. నాకొక్కదానికి వినపడితే చాలదు.

చెల్లి